స్మారక లీవర్ యాక్షన్ రైఫిళ్ల సేకరణ: ఎంపిక, పరీక్ష, కొనుగోలు, భద్రత

ట్రిగ్గర్ చుట్టూ ఉంగరంలా వంగి ఉండే ఉక్కు లీవర్‌ను కిందికి, ముందుకి తోస్తే పేలిన తూటా గొట్టం బయటకు ఎగిరిపడుతుంది, సుత్తి వెనక్కు ఎక్కుతుంది. లీవర్‌ను తిరిగి పైకి లాగితే బ్యారెల్ కింది గొట్టంలోని తర్వాతి తూటా వచ్చి బ్యారెల్ వెనక చివరన ఉండే గదిలో, అంటే తూటా పేలే చోట, కూర్చుంటుంది. 1860లో బెంజమిన్ టైలర్ హెన్రీ పేటెంట్ పొందిన రైఫిల్ నుంచి, 1866లో ఒలివర్ వించెస్టర్ స్థాపించిన వించెస్టర్ రిపీటింగ్ ఆర్మ్స్ కంపెనీ మీదుగా, జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన 1894 మోడల్ వరకు సాగిన ఈ యంత్రాంగం అమెరికా పశ్చిమ ప్రాంతపు చరిత్రతో విడదీయరానంతగా ముడిపడిపోయింది. ఆ చరిత్రలోని ఒక రాష్ట్రాన్నో, ఒక వ్యక్తినో, ఒక వార్షికోత్సవాన్నో తలచుకుంటూ, మామూలు మోడల్‌కు బంగారు పూత, చెక్కడపు పని, స్టాక్‌లో (భుజానికి ఆనించే చెక్క భాగంలో) పొదిగిన పతకం వంటి అలంకరణలు చేర్చి, నిర్ణీత సంఖ్యలో తయారు చేసి అమ్మినవే స్మారక రైఫిళ్లు.

సేకరణ మొదలుపెట్టే వ్యక్తి ముందుగా ఒక చేదు నిజాన్ని జీర్ణించుకోవాలి. దాచుకోవడానికే తయారైన వస్తువును కొన్నవాళ్లందరూ దాచుకున్నారు. 1894 నాటి వేట తుపాకులు వానలో తడిసి, గుర్రపు జీనుకు ఒరుసుకుని, గొడ్లపాకల్లో మూలపడి పాడైపోయాయి గనుక మిగిలినవాటికి గిరాకీ ఉంది. 1968 నాటి స్మారక రైఫిళ్లు మాత్రం అట్టపెట్టెల్లో భద్రంగా ఉండి, ఇప్పుడు కొన్నవారి వారసుల చేతుల మీదుగా వేలాలకు వస్తున్నాయి. అందువల్ల అప్పటి ధరను ద్రవ్యోల్బణంతో సరిచూసుకుంటే, ఎక్కువ సంఖ్యలో తయారైన మోడళ్లు యజమానులకు లాభం కాదు, నష్టమే మిగిల్చాయి. పెట్టుబడి కోసం వచ్చినవారు ఇక్కడే ఆగిపోవడం మంచిది. వస్తువు మీద, దాని వెనక ఉన్న కథ మీద మనసు పడ్డవారికి ఇదే పరిస్థితి వరం, ఎందుకంటే మచ్చలేని రైఫిల్ ఇప్పటికీ అందుబాటు ధరకు దొరుకుతోంది.

మొదటి మెట్టు: చట్టం మీకు అనుమతిస్తుందా?

తుపాకీని చూడబోయే ముందే తేల్చుకోవలసిన విషయమిది. అమెరికాలోని తెలుగువారికి దీని అవసరం మరీ ఎక్కువ. అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు సాధారణంగా తుపాకీని గానీ తూటాను గానీ కలిగి ఉండకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు వంటివి కొన్ని ఉన్నాయి కానీ, వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడగకుండా వాటి మీద భారం వేయవద్దు. ఆయుధ నేరం రుజువైతే దేశం నుంచి పంపివేయడానికి అదే కారణం కాగలదు. గోడకు తగిలించుకునే అలంకరణే కదా అన్న వాదన చెల్లదు, స్మారక రైఫిల్ కూడా పేలే రైఫిలే. గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ నిషేధం లేదు. అయితే రాష్ట్రానికొక నియమం ఉంది. టెక్సస్‌లో సులువుగా జరిగే కొనుగోలుకు న్యూజెర్సీలో ముందుగా పోలీసుల నుంచి గుర్తింపు కార్డు తీసుకోవాలి.

వేరే రాష్ట్రంలోని వ్యక్తి నుంచి కొంటే, రైఫిల్ నేరుగా మీ ఇంటికి రాదు. సమాఖ్య లైసెన్సు ఉన్న స్థానిక డీలరు దుకాణానికి వస్తుంది. అక్కడ 4473 నంబరు ఫారం నింపి, నేపథ్య తనిఖీ పూర్తయ్యాక మీ చేతికి అందుతుంది. తరచుగా కొనేవారికి దీనికి ప్రత్యామ్నాయం సేకరణకర్తల లైసెన్సు, దీన్ని టైప్ 03 అంటారు. మూడేళ్లకు 30 డాలర్ల రుసుము. తయారై 50 ఏళ్లు దాటిన తుపాకులు, అలాగే ఆయుధాలను పర్యవేక్షించే సమాఖ్య సంస్థ ఏటీఎఫ్ ప్రత్యేక జాబితాలో చేర్చినవి దీని పరిధిలోకి వస్తాయి. ఆ జాబితాలో వించెస్టర్ స్మారకాల పేర్లు అనేకం ఉన్నాయి. లైసెన్సు తీసుకున్నాక ప్రతి రాకపోకనూ ఒక పుస్తకంలో తేదీతో సహా నమోదు చేయాలి, అధికారులు అడిగితే చూపాలి. అది సేకరణకు ఇచ్చిన లైసెన్సు, వ్యాపారానికి కాదు. కొన్నది కొన్నట్టే లాభానికి అమ్ముకుంటూ పోతే అది వేరే నేరమవుతుంది.

భారతదేశానికి తీసుకెళ్లాలన్న ఆలోచన ఉంటే దాన్ని ఇక్కడే వదిలేయండి. 1959 నాటి ఆయుధ చట్టం కింద లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఉన్నవారు కూడా సాధారణంగా రెండుకు మించి ఉంచుకోకూడదు. దిగుమతికి ప్రత్యేక అనుమతులు కావాలి, మామూలు వ్యక్తికి అవి దొరకవనే అనుకోవాలి. ఇంకో చిన్న మాట: స్మారక తూటా ఒకటి సంచి అడుగున మరచిపోయి విమానాశ్రయంలో పట్టుబడినా కేసే. సంక్రాంతికి ఊరికి బయలుదేరే ముందు, రైఫిల్ ప్రదర్శనకు తీసుకెళ్లిన సంచినే సర్దుకునే అలవాటు మానుకోవాలి.

రెండో మెట్టు: ఏది సేకరించాలి?

దుకాణంలో మెరిసినదల్లా కొంటూ పోతే రెండేళ్లకు అల్మారా నిండుతుంది గానీ సేకరణ తయారు కాదు. ఒక గీత గీసుకోవాలి. ఆ గీత గీయాలంటే ఏమేం తయారయ్యాయో కొంత తెలిసి ఉండాలి.

వించెస్టర్ స్మారకాల పరంపర 1964లో వయోమింగ్ రాష్ట్ర వజ్రోత్సవ కార్బైన్‌తో (కార్బైన్ అంటే పొట్టి బ్యారెల్ రైఫిల్) మొదలైంది. అవి దాదాపు 1,500 మాత్రమే. 1966లో కంపెనీ తన నూరేళ్ల పండుగకు సెంటెన్నియల్ 66 తెచ్చింది. ఎనిమిది పలకల బ్యారెల్, పసుపు పచ్చని రిసీవర్‌తో (లీవర్ యంత్రాంగం ఇమిడి ఉండే నడిమి లోహపు పెట్టెతో), ఎల్లో బాయ్ అని ముద్దుపేరున్న 1866 నాటి వించెస్టర్‌ను గుర్తుచేసే ఆ రైఫిళ్లు లక్షకు పైగా అమ్ముడయ్యాయి. డబ్బు ఎక్కడుందో కంపెనీకి అర్థమైపోయింది. 1967లో కెనడా శతాబ్ది రైఫిల్ దాదాపు 90,000, 1968లో వైల్డ్ వెస్ట్ ప్రదర్శనల బఫెలో బిల్ పేరిట లక్షా పది వేలకు పైగా, 1969లో గోల్డెన్ స్పైక్ సుమారు 70,000 తయారయ్యాయి. గోల్డెన్ స్పైక్ పేరు 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ సమ్మిట్ వద్ద ఖండాంతర రైలుమార్గపు చివరి మేకు కొట్టిన సందర్భం నుంచి వచ్చింది. అదే ఏడు థియోడర్ రూజ్‌వెల్ట్ పేరిట, 1970లో టెక్సస్ రాష్ట్రం 125 ఏళ్లు నిండిన సందర్భంగా లోన్ స్టార్ పేరిట వచ్చాయి. తర్వాతి కాలంలో సంఖ్య తగ్గించి, 1976 నాటి ద్విశతాబ్ది కార్బైన్ మొదలు వెల్స్ ఫార్గో, ఒలివర్ వించెస్టర్ వంటి అనేక మోడళ్లను 19,999 వద్ద ఆపారు. ‘ఇరవై వేల లోపు’ అని చెప్పుకోవడానికి ఒక్కటి తగ్గించిన ఆ అంకె, మన చెప్పుల దుకాణాల్లోని 99 రూపాయల చీటీకి పెద్దన్నయ్యలాంటిది. 1981లో కౌబాయ్ సినిమాల నటుడు జాన్ వేన్ పేరిట పెద్ద ఉంగరపు లీవర్‌తో వచ్చిన కార్బైన్ మళ్లీ 50,000 చుట్టుపక్కలకు వెళ్లింది.

ఈ అంకెలు చదివితే దారి కనిపిస్తుంది. ‘పరిమిత సంఖ్య’ అన్న మాటకు విలువ లేదు, ఎంత పరిమితమో చూడాలి. 1966 నాటి నెబ్రాస్కా శతాబ్ది కార్బైన్ 2,500, 1967 నాటి అలాస్కా కొనుగోలు శతాబ్ది కార్బైన్ 1,500 మాత్రమే, కనుక వాటి తీరు వేరు. నా సలహా ఇది: మొదటి రైఫిల్‌గా లక్ష తయారైన మోడల్‌నే కొనండి. అది చౌక, ఎక్కడ చూసినా దొరుకుతుంది, పది చూసి ఒకటి ఎంచుకోవచ్చు, తప్పు చేసినా చేతులు పెద్దగా కాలవు. ఆ తర్వాత ఒక గీత గీసుకోండి. రాష్ట్రాల వార్షికోత్సవాలు ఒక గీత, కెనడా మోడళ్లు ఒక గీత. అరుదైన తూటా కొలతలు ఇంకొక గీత, అందులో జాన్ వేన్ .32-40, ఒలివర్ వించెస్టర్ .38-55. ఇవి రెండూ తమ పేరున్న తూటాల పెట్టెలతో సహా దొరికితే ఆ జతకు అందం వేరు. కెనడాలో ఉన్న రైఫిల్‌ను అమెరికాకు తెప్పించాలంటే దిగుమతి అనుమతి పత్రం, దానికి తగ్గ డీలరు అవసరమని ముందే లెక్కలో వేసుకోవాలి.

వించెస్టర్ ఒక్కటే కాదు. 1870లో మొదలైన మార్లిన్ సంస్థ 1970లో తన శతాబ్దికి .22 రైఫిల్‌ను, ఆ తర్వాత తన 1894, 1895 మోడళ్ల నూరేళ్ల సందర్భాల్లో సెంచురీ లిమిటెడ్ రైఫిళ్లను తెచ్చింది. ఇవి వించెస్టర్ స్మారకాలంత ఆర్భాటంగా ఉండవు, పనితనంలో మాత్రం నాకు ఇవే నచ్చుతాయి. ఇప్పటి హెన్రీ సంస్థ రైతులు, అగ్నిమాపక సిబ్బంది వంటి వారికి నివాళిగా తెచ్చే మోడళ్లు కొత్తగా కొనుక్కోవడానికి బాగుంటాయి. ఆ కంపెనీకి 1860 నాటి హెన్రీతో పేరులో తప్ప సంబంధం లేదు. వీటన్నిటికీ దూరంగా ఉంచవలసిన వర్గం మరొకటి ఉంది: మామూలు రైఫిల్‌ను కొని, దాని మీద చెక్కించి, పత్రంతో అమ్మే ప్రైవేటు సంస్థల వస్తువులు. అవి కర్మాగారపు స్మారకాలు కావు. ఇష్టమైతే కొనుక్కోవచ్చు గానీ, కర్మాగారపు ధర ఇవ్వకూడదు.

మూడో మెట్టు: చేతిలోకి తీసుకుని పరీక్షించడం

సేకరణలో అసలు విద్య ఇదే, అందుకే దీని గురించి కొంచెం వివరంగా చెబుతాను. చేతికి నైట్రైల్ తొడుగులు వేసుకోండి. అమ్మేవారి అనుమతి అడగండి, ఎందుకంటే ఒక్కసారి లీవర్ ఆడించినా గీత పడుతుంది, పెట్టెలోంచి తీయని రైఫిల్‌కు ఆ గీత ధరలో కోత. అనుమతిస్తే, మూతిని మనుషులు లేని వైపు ఉంచి, లీవర్ నెమ్మదిగా తెరిచి, గది ఖాళీగా ఉందో లేదో కంటితో, ఆ పైన చిటికెన వేలితో చూడండి. బ్యారెల్ కింది గొట్టంలో తూటా మిగిలి ఉండవచ్చు గనుక తూటాను పైకెత్తే పలక మీద, గొట్టం నోటి దగ్గర కూడా చూడాలి. అమ్మేవారు ఖాళీ అని చెప్పినా ఇది మానకూడదు.

తర్వాత కిటికీ వెలుతురులో రిసీవర్‌ను ఏటవాలుగా పట్టుకోండి. బంగారు పూత అన్నది చాలా పలచటి పూత, గిల్టు నగ మీద ఉండే పూతలాంటిదే. మనిషి రైఫిల్‌ను ఒంటిచేత్తో మోసేటప్పుడు వేళ్లు చుట్టుకునేది రిసీవర్ అడుగు భాగాన, సరిగ్గా బరువు తూగే చోట. వాడిన రైఫిల్ ఆ చోట ముందు పలచబడుతుంది, పసుపు కింద నుంచి బూడిద రంగు తొంగి చూస్తుంది. తూటా గొట్టాలు ఎగిరిపడే పై అంచు దగ్గర చిన్న నొక్కులుంటే అది పేల్చిన గుర్తు. పలకల అంచులు మెత్తబడి, అక్షరాల చెక్కడం లోతు తగ్గి, పూత మాత్రం మరీ కొత్తగా మెరుస్తుంటే, ఎవరో పాత పూత గీకి కొత్తది వేయించారని అర్థం.

నలుపు రంగు రిసీవర్ ఉన్న మోడళ్లకు మరో పరీక్ష ఉంది. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి వించెస్టర్ తన తయారీ పద్ధతులు మార్చింది. ఆ తర్వాత కొన్నేళ్ల రిసీవర్ల లోహం మామూలు బ్లూయింగ్‌ను (ఉక్కుకు నలుపు తెచ్చే రసాయన పద్ధతిని) సరిగా పట్టదు. అందుకే వాటికి కర్మాగారంలో వేరే పూత వేసి, దాని మీద రంగు తెచ్చారు. తెలియని పనివాడు మళ్లీ బ్లూయింగ్ చేస్తే రిసీవర్ వంకాయ రంగుకో, మచ్చల గోధుమ రంగుకో తిరుగుతుంది. బ్యారెల్ నలుపు, రిసీవర్ నలుపు పక్కపక్కన పోల్చి చూస్తే తేడా బయటపడుతుంది. 1964కు ముందువే గొప్పవన్న మాట వేట తుపాకుల లోకంలో వేదవాక్కులా చెలామణి అవుతోంది. స్మారకాల్లో అధిక భాగం ఆ తర్వాతివే కాబట్టి, ఆ పట్టింపు ఉన్నవారు వీటి జోలికి రాకపోవడమే మేలు.

స్క్రూల తలలు చూడండి. సరైన స్క్రూడ్రైవర్ వాడనివారి చేతిలో పడిన రైఫిల్‌కు స్క్రూల గాడులు కొరికినట్టుంటాయి. సుత్తి ముఖం మీద, లీవర్‌తో పాటు కిందికి దిగే లంకె పక్కల మీద సన్నని గీతలుంటే లీవర్ ఎన్నోసార్లు ఆడిందన్నమాట. బోల్టు (తూటా వెనక గదిని మూసే ఉక్కు దిమ్మ) ముఖం మీద ఇత్తడి వలయం, మసి కనిపిస్తే ఆలోచించాలి గానీ తొందరపడి తీర్పు చెప్పకూడదు. కర్మాగారంలోనే పరీక్ష కోసం ప్రతి రైఫిల్‌నూ పేలుస్తారు, కొంచెం మసి అక్కడిదే కావచ్చు. స్టాక్‌లో పొదిగిన పతకం అంచున జిగురు చారలు, చెక్క మీద వార్నిష్ తెల్లబారిన మచ్చలు, ధర చీటీని కట్టిన రబ్బరు బ్యాండు వేసిన ముదురు గీత వంటివి కూడా గమనించి రాసుకోండి.

చివరగా పెట్టె. వించెస్టర్ స్మారకాలు సాధారణంగా మోడల్‌కు తగ్గ బొమ్మలున్న తొడుగుతో, లోపల నురుగు అచ్చుతో, పత్రాలతో వచ్చేవి. రైఫిల్ 94 మోడల్ (1894 మోడల్‌కే తర్వాతి పేరు) అయితే సీరియల్ నంబరు రిసీవర్ అడుగున, ముందు వైపు ఉంటుంది. పెట్టె చివరి చీటీ మీద నంబరుంటే రెండూ అంకె అంకె సరిచూడండి. నా మొదటి బఫెలో బిల్ విషయంలో నేను ఆ పని చేయలేదు. ఇంటికి వచ్చాక చూస్తే చివరి రెండు అంకెలు తారుమారుగా ఉన్నాయి, అంటే అది మరో రైఫిల్ పెట్టె. అమ్మిన మనిషి ఫోను ఎత్తలేదు. పూర్తి పెట్టెకు ఇచ్చిన అదనపు ధర నీళ్లలో పోసినట్టయింది. మంచి పెట్టెలు విడిగా కూడా అమ్ముడవుతాయన్న సంగతి ఆ తర్వాతే తెలిసింది.

పాత వించెస్టర్లకు వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ పట్టణంలో, బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ది వెస్ట్‌లో భద్రపరచిన కర్మాగారపు దస్తావేజుల ఆధారంగా ధ్రువీకరణ లేఖలు తెప్పించుకోవచ్చు. స్మారకాలకు ఆ దారి లేదు, ఆ చిట్టాలు అంత దూరం రావు. అందుకే ఇక్కడ పెట్టె, పత్రం, సీరియల్ నంబరు, ఈ మూడూ కలిసి సాక్ష్యం చెప్పాలి.

నాలుగో మెట్టు: ధర తేల్చడం

అమ్మేవారు అడిగే ధరలను నమ్మకండి, అమ్ముడుపోయిన ధరలను చూడండి. వేలం సంస్థల ముగిసిన వేలాల ఫలితాలను ఒక మోడల్‌కు కనీసం ఇరవై రాసుకుని, వాటిని పెట్టె ఉన్నవి, లేనివి, పేల్చినవి అని విడదీస్తే, ఏ ధర పుస్తకం కన్నా స్పష్టమైన చిత్రం వస్తుంది. వేలంలో పలికిన ధర మీద కొనుగోలుదారు చెల్లించే అదనపు కమీషను, రవాణా, డీలరు రుసుము, పన్ను కలిపితేనే అసలు ఖర్చు. ఓక్లహోమాలోని టల్సాలో ఏటా రెండుసార్లు జరిగే పెద్ద ఆయుధ ప్రదర్శన వంటి చోట్ల ఒకే మోడల్ పది బల్లల మీద కనిపిస్తుంది. మొదటి రోజు కొనకుండా తిరిగి చూడండి, ఆఖరి రోజు మధ్యాహ్నం మోసుకెళ్లే బరువు తగ్గించుకోవాలనుకునే అమ్మకందారుతో మాట్లాడండి. పేల్చిన, పెట్టె లేని రైఫిల్ మామూలు 94 మోడల్ ధరకు దగ్గరగా వస్తే, దాన్ని వాడుకోవడానికి కొనడం తప్పేమీ కాదు. నా దగ్గర కెనడా శతాబ్ది రైఫిల్ రెండు ఉన్నాయి, ఒకటి పెట్టెలో, ఒకటి లక్ష్యాల మీదకు. గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఆనుకుని ఉంటాయి గనుక మొన మొద్దుగా ఉన్న తూటాలే వాడాలి. సూది మొన ముందున్న తూటా ప్రైమర్‌ను (అడుగున ఉండి తూటాను రాజేసే భాగాన్ని) గుద్దితే గొట్టంలోనే పేలవచ్చు.

ఐదో మెట్టు: భద్రపరచడం

పెట్టెతో సహా కొన్నాం కాబట్టి రైఫిల్‌ను ఆ పెట్టెలోనే ఏళ్లకేళ్లు ఉంచాలనిపిస్తుంది. అదే పెద్ద తప్పు. నురుగు అచ్చు, అట్ట తేమను పట్టి ఉంచుతాయి. హ్యూస్టన్ వంటి ఉక్కపోత ఊళ్లలో ఒక్క వర్షాకాలం చాలు, నురుగు తగిలిన మేర బ్యారెల్ మీద మిరియాల గింజల్లాంటి తుప్పు చుక్కలు లేస్తాయి. రైఫిల్‌ను విడిగా సేఫ్‌లో నిలబెట్టి, పెట్టెను విడిగా, పొడి గదిలో, కాగితం చుట్టి దాచండి. సేఫ్‌లో తేమ 50 శాతం చుట్టూ ఉండేలా వేడి కడ్డీ గానీ సిలికా జెల్ గానీ పెట్టి, తేమ కొలిచే చిన్న మీటరు లోపల ఉంచండి. జెల్ పొట్లాలు నిండిపోయాక ఆరబెట్టకపోతే అవి ఉన్నా లేనట్టే.

శుభ్రం చేయడంలో మన చేతి దురదను అదుపులో పెట్టుకోవాలి. ఇత్తడి బిందెను చింతపండుతో తోమి మెరిపించిన ఇంట్లో పెరిగినవారికి పసుపు పచ్చని రిసీవర్ మసకబారితే చెయ్యి ఊరుకోదు. లోహాన్ని మెరిపించే ఏ ముద్దతో రుద్దినా ఆ పలచటి పూత గుడ్డకు అంటుకుని పోతుంది. పూత ఉన్న భాగాన్ని మెత్తటి పొడి నూలు గుడ్డతో అద్ది, సంగ్రహాలయాల్లో వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం చిటికెడు పూసి వదిలేయాలి. ఉక్కు భాగాలకు తుపాకీ నూనె చాలా పలచగా రాయాలి. నూనె ఎక్కువై చెక్కలోకి దిగితే స్టాక్ రిసీవర్‌ను కలిసే చోట నల్లబడుతుంది, అది తిరిగి రాదు. విజయదశమి నాడు ఆయుధ పూజలో పెట్టేవారు కుంకుమ, పసుపు నేరుగా లోహానికి అద్దకుండా పక్కన తమలపాకు మీద పెట్టండి. తడి కుంకుమ బొట్టు పూత మీద వదిలిన మచ్చను నేను ఒక మిత్రుడి గోల్డెన్ స్పైక్ మీద చూశాను.

ప్రతి రైఫిల్‌కు ఒక కార్డు తయారు చేయండి: మోడల్ పేరు, తయారైన ఏడు, సీరియల్ నంబరు, తూటా కొలత, ఎవరి దగ్గర ఎప్పుడు ఎంతకు కొన్నది, కొన్ననాటి లోపాలు. నాలుగు వైపుల నుంచి, సీరియల్ నంబరు కనిపించేలా ఫోటోలు తీసి, వాటి నకలు ఒకటి ఇంటి బయట ఉంచండి. మామూలు ఇంటి బీమాలో తుపాకుల దొంగతనానికి తరచుగా ఒక పరిమితి ఉంటుంది. సేకరణ దాన్ని దాటితే విడిగా జాబితా ఇచ్చి బీమా చేయించాలి. పిల్లలున్న ఇంట్లో సేఫ్ తాళం సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ కార్డుల పెట్టె మీ తర్వాత ఇంట్లోవాళ్లకు కూడా అక్కరకు వస్తుంది. వాళ్లకు ఆసక్తి లేకపోతే ఎవరికి, ఏ లైసెన్సు ఉన్న డీలరు ద్వారా అమ్మాలో మొదటి కార్డు వెనక రాసి పెట్టండి.